సిమెంటు రేకులు: బోల్టుల వరుసను నమ్మొచ్చా?

ప్రశ్న: మా రైసుమిల్లు గోదాముకి పాత సిమెంటు రేకులు. ఎత్తు 16 అడుగులు. కారుతున్న చోట రేకులు మార్పించాలి. బోల్టుల వరుస మీదే అడుగేస్తే ఏమీ కాదంటాడు మేస్త్రీ. సేఫ్టీ బెల్టులూ కొన్నాం. సరిపోతుందా? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: సరిపోదు. బోల్టుల కింద పర్లిన్ (రేకుల్ని మోసే అడ్డ దూలం) ఉన్న మాట నిజమే, కానీ దాని వెడల్పు రెండు మూడు అంగుళాలు. చేతిలో రేకు పట్టుకుని ఆ గీత మీద నడవడం సర్కస్‌వాళ్ల పని. ఇనుప రేకు వంగి ముందే చెబుతుంది. సిమెంటు రేకు చెప్పదు, ఫట్‌మని విరుగుతుంది. బోల్టు రంధ్రాల దగ్గరి చీలికలు నాచు కింద కనబడవు. వెలుతురు కోసం వేసిన ఫైబర్ రేకులు మరీ మోసం. మాసిపోయి పక్కవాటిలో కలిసిపోతాయి. అవి ఎక్కడున్నాయో లోపలి నుంచి ముందే చూసుకోండి.

నడవడానికి చెక్క బల్లలు చేయించండి. 6 మి.మీ. రేకులకి పర్లిన్ల మధ్య దూరం మామూలుగా 1.4 మీటర్లకు మించదు. బల్ల మూడు పర్లిన్ల మీద ఆనాలి కాబట్టి పదిన్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పైన కాలు జారకుండా అడుగుకో అడ్డపట్టీ. జారిపోకుండా తాడుతో పర్లిన్‌కి కట్టాలి. మనిషికి రెండు బల్లలు ఉండాల్సిందే. ఒకటే ఇస్తే, దాన్ని జరపడానికి రేకు మీదకే దిగుతాడు.

ఇక బెల్టు. నడుముకి మాత్రమే కట్టేదైతే పక్కన పెట్టండి, ఒళ్లంతా పట్టే హార్నెస్ కావాలి. దాన్నీ కాళ్ల దగ్గరి పర్లిన్‌కి కట్టారనుకోండి: తాడు 6 అడుగులు, కుదుపు తగ్గించే పట్టీ విచ్చుకుంటే దాదాపు మరో 6, వీపు కొక్కెం నుంచి పాదాలదాకా 5, పైన 3 అడుగుల మార్జిన్. మొత్తం 20. మీ గోదాము 16! పడటం పూర్తిగా ఆగేలోపే నేల తగులుతుంది. అందుకే మీకు రేకుల కిందే, వీలైనంత దగ్గరగా సేఫ్టీ నెట్ కట్టించడం మేలు. షేడ్ నెట్, చేపల వల పనికిరావు. వల సాగుతుంది కనుక దాని కింద బస్తాల దొంతరలు ఉంచకండి.

ప్రశ్న: నిచ్చెన ఎంత వాలుగా వేయాలి?

జవాబు: నాలుగడుగుల ఎత్తుకి అడుగు దూరం. చూరు దాటి మూడడుగులు పైకి ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు పట్టు దొరకదు. పైకొసను తాడుతో కట్టేయండి, కట్టేదాకా కింద ఒకరు పట్టుకోవాలి.