కొమ్మల కథలు కట్టే అబ్బాయికి ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మాది కావలి. మావాడు బీఎస్సీ కంప్యూటర్స్ చివరి ఏడాది. చదివేవాళ్లు ఏది నొక్కితే అటు తిరిగే కథలు రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ సాధనం) చేస్తున్నానంటూ పొద్దుపోయేదాకా లాప్‌టాప్ ముందే కూర్చుంటున్నాడు. అయిదారు మొదలుపెట్టాడు, ఒక్కటీ పూర్తి కాలేదు. బంధువులేమో అమీర్‌పేట పంపి జావా కోర్సులో చేర్చమంటున్నారు. ఈ కథల పని దేనికైనా పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుందండీ, ఒకటి పూర్తి చేస్తేనే. ఇలాంటి కథలు కట్టేవాళ్లు కావాలని మన దగ్గర ప్రకటనలు పెద్దగా రావు. కానీ వాడుకరి ఏం నొక్కాడో గుర్తుపెట్టుకోవడం, దాన్నిబట్టి తర్వాతి తెర మార్చడం, మూసి తెరిచినా ఆగినచోటి నుంచే సాగించడం ఫ్రంట్ ఎండ్ డెవలపర్ (వెబ్‌సైట్‌లో కంటికి కనిపించే భాగం కట్టేవాడు) రోజూ చేసే పనే. బీమా దరఖాస్తులో పొగ తాగుతానంటే అదనపు ప్రశ్నలు తెరుచుకునేదీ ఈ పద్ధతిలోనే.

ఆ కథలు ఎందుకు ఆగిపోయాయో ఊహించడం కష్టం కాదు. ప్రతి మలుపులో రెండు దారులు పెట్టి, ఏ దారినీ మళ్లీ కలపకపోతే పది మలుపులకే 1024 ముగింపులు రాయాలి. ఎవరివల్లా కాదు. దారుల్ని విడదీసి మళ్లీ ఒకచోట కలపాలి, తేడాని అంకెల్లో మోయాలి.

అల్లూరు పక్క రొయ్యల గుంట ఒకటి అనుకోండి. రాత్రి 2 గంటలకు కరెంటు పోయింది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. జనరేటర్ వేయాలా, లైన్‌మన్‌కి ఫోన్ చేయాలా, కాసేపు చూడాలా? మూడు దారులూ తెల్లవారుజాము సన్నివేశంలోనే కలుస్తాయి. ఆక్సిజన్, డీజిల్, చేతిలో డబ్బు అనే మూడు అంకెలు మాత్రం వేరుగా ఉంటాయి. ఆక్సిజన్ బాగా పడిపోయిన పాఠకుడికి రొయ్యలు పైకి తేలిన వాక్యం కనిపిస్తుంది, మిగతావాళ్లకి కనిపించదు. 12 నుంచి 15 సన్నివేశాలు, మూడు అంకెలు, రెండు ముగింపులు. మొదటి కథకి ఇంతకు మించి వద్దనండి.

ఇక కింది సంగతులు అబ్బాయి చేత చదివించండి.

పాత వీడియోలు చూసి, ప్రాజెక్టు తయారుచేసిచ్చే క్రియేట్ రియాక్ట్ యాప్‌తో మొదలుపెట్టొద్దు. 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే దాన్ని పక్కన పెట్టింది. దాని బదులు వీట్ (Vite) చాలు. కథ మాటలు కాంపోనెంట్లలో (తెరలోని ముక్కల్ని కట్టే కోడ్‌లో) రాయకుండా విడిగా ఒక జేసన్ (డేటా రాసుకునే పద్ధతి) ఫైల్లో ఉంచు. ప్రతి సన్నివేశానికీ ఐడీ, పాఠం, ఎంపికలు. ప్రతి ఎంపికకీ గమ్యం ఐడీ, మార్చే అంకె, కనిపించడానికి షరతు. దీన్ని తెరకెక్కించడానికి సన్నివేశం, ఎంపిక బటన్, అంకెల పట్టీ అనే మూడు కాంపోనెంట్లు సరిపోతాయి. గమ్యాలన్నీ నిజంగా ఉన్నాయా, చేరే దారే లేని సన్నివేశం ఏదైనా మిగిలిందా అని చూసే చిన్న స్క్రిప్ట్ కూడా రాయి. ఇంటర్వ్యూలో కథకన్నా దాని గురించే ఎక్కువ అడిగే అవకాశం ఉంది.

ప్రస్తుత సన్నివేశం ఒక్కటే స్టేట్‌లో (యాప్ గుర్తుపెట్టుకునే సమాచారంలో) దాచితే వెనక్కి బటన్ పెట్టిన రోజున చిక్కు మొదలవుతుంది. తెర వెనక్కి వెళ్తుంది, తగ్గిన డీజిల్ మాత్రం తగ్గినట్టే ఉంటుంది. అందుకని ఎంపికల జాబితాని దాచు, అంకెలు దాన్నుంచి ప్రతిసారీ లెక్కగట్టు. వెనక్కి అంటే చివరి ఎంపిక లేని కొత్త జాబితా, అంతే.

స్టేట్‌ని మార్చే యూజ్ రెడ్యూసర్ ఫంక్షన్‌లో పాత జాబితాలోకే కొత్త ఎంపికని పుష్ చేస్తే (చేర్చేస్తే) ఒక్క నొక్కుకి డీజిల్ రెండుసార్లు తగ్గొచ్చు. డెవలప్‌మెంట్‌లో తప్పులు బయటపెట్టే స్ట్రిక్ట్ మోడ్ ఆ ఫంక్షన్‌ని కావాలనే రెండుసార్లు నడుపుతుంది. చాలామంది స్ట్రిక్ట్ మోడ్ తీసేసి బాగైందనుకుంటారు. తప్పు అక్కడే ఉంటుంది, కనపడదంతే. పాతది ముట్టుకోకుండా కొత్త జాబితా చేసి ఇవ్వాలి. సన్నివేశం కాంపోనెంట్‌కి ఐడీని కీగా (రియాక్ట్ గుర్తుపట్టే పేరుగా) ఇవ్వకపోతే, ఒకసారి నొక్కి ఆపేసిన బటన్ తర్వాతి సన్నివేశంలోనూ ఆగిపోయే కనిపిస్తుంది.

పాఠకుడి ఎంపికల్ని బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో దాచేటప్పుడు వెర్షన్ నంబర్ కూడా దాచు. తర్వాత ఐడీలు మారిస్తే పాత పాఠకుడికి తెల్లతెరే మిగులుతుంది. వెర్షన్ కలవకపోతే మొదటి సన్నివేశానికి పంపెయ్. కథని నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టాక కూడా తెల్లతెర వస్తే మొదట వీట్ కాన్ఫిగ్‌లో బేస్ (సైటు ఉండే దారి) చూడు. అక్కడ రిపాజిటరీ (కోడ్ ఉంచిన చోటు) పేరు ఉండాలి.

తెలుగులో రాస్తే ఇంకొన్ని తలనొప్పులు. డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టించింది అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. యూనికోడ్‌లోనే కొట్టాలి. వరుసల ఎడం 1.7 దాకా పెట్టకపోతే వత్తులు కింది వరుసకి తగులుతాయి. టైప్‌రైటర్‌లా ఒక్కో అక్షరం పడే ముచ్చట మానుకో. ‘స్త్రీ’ని జావాస్క్రిప్ట్ ఆరు ముక్కలుగా లెక్కపెడుతుంది, మధ్యలో ‘స్’, ‘స్త్’ అని తెర మీద మెరుస్తాయి. పదం పదంగా చూపిస్తే ఆ బాధ లేదు.

మళ్లీ మీతో. ఇదే నైపుణ్యానికి ఇంకో తలుపు ఈ-లెర్నింగ్. ఉద్యోగుల శిక్షణకి ‘కస్టమర్ కోప్పడ్డాడు, ఏమంటారు?’ తరహా పాఠాలు తయారుచేసే కంపెనీలు ఉంటాయి. అక్కడ ఆర్టిక్యులేట్ స్టోరీలైన్, హెచ్5పీ లాంటి పాఠాలు కట్టే సాధనాలు వాడతారు, పాఠాన్ని శిక్షణ సైట్లు అర్థంచేసుకునే స్కార్మ్ పద్ధతిలో మూటగట్టి ఇస్తారు. స్కార్మ్ 1.2లో పాఠకుడి ప్రగతి దాచుకునే చోటు 4096 అక్షరాలే. ఎంపికల్ని పొట్టి కోడ్‌లుగా దాచడం వచ్చినవాడు అక్కడ గట్టెక్కుతాడు. మీవాడి ఇంగ్లిష్ రాత బాగుంటేనే ఈ వైపు చూడమనండి.

అమీర్‌పేట సంగతికొస్తే, జావా నేర్చుకోవడం తప్పేం కాదు. కానీ ఇప్పుడే ఫీజు కట్టొద్దు. ఆరు వారాలు గడువివ్వండి. ఒక్క కథ, ఫోన్లో తెరుచుకునే లింకుతో. ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడమనండి, ఎక్కడ తికమకపడ్డారో రాసుకుని సరిచేయమనండి. ఆ లింకు, కోడ్ ఉన్న గిట్‌హబ్ పేజీ రెజ్యూమేలో పైన పెట్టి నెల్లూరు, చెన్నై, హైదరాబాద్ చిన్న కంపెనీల ఇంటర్న్‌షిప్‌లకి పంపొచ్చు. గడువులోగా పూర్తికాకపోతే, లేదా తన కోడ్‌ని తనే వివరించలేకపోతే, అప్పుడు కోర్సు. అదీ జావా ఒక్కటే కాదు, జావాస్క్రిప్ట్ పునాది నుంచి చెప్పేది. చేర్చే ముందు రెండు డెమో క్లాసులు కూర్చోనిస్తారేమో అడగండి.