బాబు కడుపునొప్పి నటన కాదు

చెల్లెమ్మా, ఏడో తరగతి బాబు నెల రోజులుగా బడి వేళకే కడుపునొప్పి అంటున్నాడని, నత్తి ఉందని తోటివాళ్లు వెక్కిరిస్తున్నారని రాశారు. అది నటన కాదు. పిల్లల్లో భయం చాలాసార్లు కడుపునొప్పిగానే బయటపడుతుంది. మా అమ్మాయి కూడా ఇలాగే బడిలో భయపడి టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా తెచ్చేది; లోపల ఇడ్లీలు ఎండిపోయి ఉండేవి. అన్నం విలువ తెలియదని తిట్టాను. ఆ తిట్లు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

‘నువ్వూ తిరిగి కొట్టు’ అని వాళ్ల నాన్నగారిని చెప్పనివ్వకండి. కొట్టలేకపోతే అదీ తన తప్పే అనుకుంటాడు. రాత్రి దీపం ఆర్పాక పక్కన పడుకుని నెమ్మదిగా అడగండి, చీకట్లో మా అమ్మాయి నోరు విప్పింది. తేదీ, చోటు, పేర్లతో రాసుకుని ప్రధానోపాధ్యాయులకు అర్జీ ఇవ్వండి. నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాట నిలవదు. భోజన విరామంలో, బస్సులో ఎవరు కనిపెట్టుకుని ఉంటారో గట్టిగా అడగండి. కదలిక లేకపోతే మండల విద్యాధికారి ఉన్నారు, పిల్లల సహాయానికి 1098 ఉంది.

మానసిక ఇబ్బందులకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఈ రోజే ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. తిరుపతిలోనే ఉన్నారు కాబట్టి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. నత్తికి స్పీచ్ థెరపీ గురించీ అక్కడే అడగండి. బాబు నోట ‘చచ్చిపోతాను’ అన్న మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకెళ్లండి.