దుప్పటి బదులు బిస్కెట్లిచ్చిన అమ్మాయికి

చిట్టితల్లీ,

నీ మెయిల్ చదివి మీ పెద్దమ్మా నేనూ పడీపడీ నవ్వుకున్నాం. బ్రాడ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నీ వార్డులో ఎనభై దాటిన ముసలావిడ "ఐయామ్ స్టార్వ్‌డ్, లవ్" అంటే, పాపం ఆకలేస్తోందనుకుని టీ బిస్కెట్లు పట్టుకెళ్ళావు. ఆవిడేమో పల్చటి దుప్పటిని గడ్డం దాకా లాక్కుంటూ నీ వంక వింతగా చూసింది. నవ్వు ఆగాక నాకు కాస్త సిగ్గేసింది కూడా. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. యార్క్‌షైర్ వైపు, అంటే ఇంగ్లండ్ ఉత్తరాన, పెద్దవాళ్ళ నోట ఆ మాటకి చలి అని అర్థమని నువ్వు విమానం ఎక్కేముందే చెప్పాల్సింది.

పాత ఇంగ్లీషులో ఆ మాట 'స్టెయోర్ఫాన్'. అంటే చచ్చిపోవడం. జర్మన్‌లో 'స్టెర్బెన్' అంటే ఇప్పటికీ అదే. దేనివల్ల చావడమో ఆ మాటలో లేదు. పోనుపోను మామూలు ఇంగ్లీషులో అది ఆకలిచావుకి, ఉత్తరాది మాండలికాల్లో చలిచావుకి అంటుకుంది. ఆ తర్వాత చావు కూడా పలచబడిపోయి ఒకచోట ఉత్త ఆకలి, ఇంకోచోట ఉత్త చలి మిగిలాయి. మనం "ఆకలికి చస్తున్నా", "చలికి చస్తున్నా" అంటాం కదా. అందులో ముందు మాట రాలిపోయి "చస్తున్నా" ఒక్కటే మిగిలిందనుకో. మన తెనాలిలో అంటే అన్నం పెట్టాలి, లంబసింగిలో అంటే కంబళి కప్పాలి.

ఇలాంటి మాటలన్నీ ఓ నోట్‌బుక్‌లో రాసుకుంటానన్నావు. చాలా సంతోషం. కానీ నువ్వు పంపిన లిస్టు మాత్రం నాకు నచ్చలేదు. ఎడంపక్క మాట, కుడిపక్క అర్థం, అంతే. అది పరీక్షకి బట్టీ పట్టే పద్ధతి. మాట కాదు, వాక్యం రాసుకో. మనిషి ఏమన్నాడో అలాగే, నీ చెవికి వినిపించినట్టు తెలుగు అక్షరాల్లో రాసినా ఫర్వాలేదు. పక్కనే వాళ్ళ వయసు, పెరిగిన ఊరు, బతుకంతా చేసిన పని. పేషెంట్ల పేర్లు, జబ్బుల సంగతి మాత్రం ఒక్క ముక్క రాయకు, అది నీ ఉద్యోగానికే ముప్పు.

వాక్యం ఎందుకంటే, "మై బ్యాక్స్ వార్కిన్" అని ఓ తాత అంటే నీ చెవికి 'వర్కింగ్' అని వినబడొచ్చు. నడుం బాగానే పనిచేస్తోందన్నమాట అనుకుని నువ్వు ముందుకెళ్ళిపోతావు. వార్క్ అంటే నొప్పి. పాత ఇంగ్లీషులోనూ ఉంది, వైకింగుల నార్స్ భాషలోనూ ఉంది. అలాగే "నైన్ వైల్ ఫైవ్" అంటే తొమ్మిది నుంచి ఐదు దాకా. అక్కడ 'వైల్' అంటే 'దాకా'. డ్యూటీ టైములు రాసుకునేటప్పుడు జాగ్రత్త. 'స్పైస్' అని పిల్లలకి ఇస్తే కంగారుపడకు. మసాలా కాదు, చాక్లెట్లూ పిప్పరమెంట్లూ.

మాట ఎక్కడి నుంచి వచ్చిందో నీ అంతట నువ్వు ఊహించకు. ఈ విషయంలో నేనే దోషిని. దర్జా అనే అర్థమున్న 'పాష్' మాటకి కథ చెబుతారు చూడు, ఇండియాకి ఓడల్లో వచ్చే దొరలు ఎండ తగలకుండా పోయేటప్పుడు ఎడమ వైపు, తిరిగొచ్చేటప్పుడు కుడి వైపు గదులు తీసుకునేవారని, 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అనే ఆ నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే పాష్ అయిందని. ఆ కథ ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ అక్షరాల ముద్ర ఉన్న టికెట్ ఒక్కటి కూడా ఇంతవరకూ ఎవరికీ దొరకలేదని తర్వాతెప్పుడో చదివాను. పాత విద్యార్థులు ఇప్పటికీ ఆ కథే నాకు వాట్సాప్‌లో పంపుతుంటారు, ఏం చేస్తాం! అక్షరాలు కలిపి మాట కట్టడం ఇరవయ్యో శతాబ్దానికి ముందు చాలా అరుదు. అంతకంటే పాత మాటకి ఎవరైనా అలాంటి కథ చెబితే నవ్వేసి ఊరుకో.

మరి ఎక్కడ వెతకాలి? జోసెఫ్ రైట్ మాండలిక నిఘంటువులో. ఆరు సంపుటాలు, 1898 నుంచి 1905 దాకా వచ్చాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. ప్రతి అర్థం పక్కనా అది ఏ కౌంటీలో వినబడిందో పొట్టి అక్షరాల్లో ఉంటుంది. ముందు అవి చూడు, అర్థం తర్వాత. ఈ రైట్ ఎవరనుకున్నావు? మీ బ్రాడ్‌ఫర్డ్ పక్కన థాక్లీలో 1855లో పుట్టాడు. ఆరేళ్ళకే క్వారీలో గాడిద బండి తోలాడు, ఏడేళ్ళకి సాల్టెయిర్ మిల్లులో నిండిన దారపు కండెలు తీసి ఖాళీవి పెట్టే పనికి కుదిరాడు. పదిహేనేళ్ళు వచ్చేదాకా చదవడం రాదు. అలాంటివాడు జర్మనీలో డాక్టరేట్ తీసుకుని ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. తను చిన్నప్పుడు మాట్లాడిన విండ్‌హిల్ మాండలికానికి 1892లో వ్యాకరణం రాశాడు. ఆ మిల్లు భవనం ఇప్పటికీ ఉంది. సెలవు రోజున వెళ్ళి చూసిరా, నాకు ఫొటో పంపు.

అడిగే పద్ధతి కూడా ఒకటుంది. 1950 నుంచి 1961 దాకా లీడ్స్ యూనివర్సిటీ వాళ్ళు హెరాల్డ్ ఆర్టన్ ఆధ్వర్యంలో 313 చోట్ల తిరిగి, ఎక్కువగా పల్లెల్లోని వయసుమళ్ళిన వాళ్ళ దగ్గర మాటలు సేకరించారు. కావలసిన మాట తాము ముందు పలికేవారు కాదు. వస్తువు చూపించో, పని వర్ణించో "దీన్నేమంటారు?" అనేవారు. నువ్వూ అంతే. "సాలీడుని మీరు అటర్‌కాప్ అంటారా?" అని అడిగితే మర్యాదకి అవునంటారు. గూడు చూపించి ఊరుకో. (అటర్ అంటే విషం. కాబ్‌వెబ్‌లో ఉన్న 'కాబ్' ఆ 'కాప్' తాలూకుదే.)

ఊరూ కాలమూ ఎందుకు రాయమంటున్నానో చెప్పనా? ఒకప్పుడు ఇంగ్లీషులో 'జెంటూ' అనే మాట ఉండేది. పోర్చుగీసు 'జెంతియో' నుంచి వచ్చింది, అన్యమతస్థుడని అర్థం. 1776లో కలకత్తా వైపు జెంటూ అంటే హిందువు. 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ దొర అచ్చువేసిన వ్యాకరణం పేరులో జెంటూ అంటే మన తెలుగు! ఏ ఊరి కాగితమో చూడకుండా చదివితే తప్పులో కాలేస్తావు.

ఇంకొకటి. నీతో పనిచేసే లండన్ పిల్ల వీటిని తప్పుడు ఇంగ్లీషు అందని రాశావు. 'నైస్' మొదట్లో తెలివితక్కువ అనే అర్థంలో వాడేవారని ఆ పిల్లకి చెప్పు. మన పాత కవులకి కంపు అంటే పరిమళం. ఇప్పుడు పూల కంపు అంటే ఎవరైనా కొడతారు.

చివరగా నీ లిస్టులో ఏడో మాట, 'లేక్'. దాని పక్కన 'ఆడుకోవడం' అని రాసి టిక్కు పెట్టావు. నార్స్ 'లేక' నుంచి వచ్చిందనీ రాశావు, బాగుంది. కానీ అక్కడ పని లేక ఖాళీగా ఉండడాన్నీ అదే మాటతో అంటారు. చెప్పిన తాత గనిలో పనిచేశాడన్నావు. ఆయన మనవల గురించి అన్నాడా, గని మూసిన రోజుల గురించి అన్నాడా? ఆ వాక్యం గుర్తుంటే పంపు, లేకపోతే టిక్కు కొట్టేసి మళ్ళీ అడుగు.

మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి పార్సిల్ చేసింది. స్వెట్టర్ వేసుకో.

దీవెనలతో,
మీ పెదనాన్న