ఆ పేరు మీ గ్రూపుకెందుకు, బిడ్డా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మక్తల్ దగ్గర పల్లె. మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. కొరియా ఫుట్‌బాలర్ సన్ హ్యూంగ్ మిన్ ఆట చూసి లండన్‌లోని టోటెన్‌హామ్ టీమ్‌కు ఫ్యాన్ అయ్యాను. ఇప్పుడు ఆయన అమెరికా వెళ్లిపోయినా నేను టీమ్‌ను వదల్లేదు. హాస్టల్లో మరికొందరిని కూడా ఫ్యాన్స్ చేశాను. మా వాట్సాప్ గ్రూపు పేరు 'పాలమూరు యిడ్ ఆర్మీ'. స్టేడియంలో ఫ్యాన్స్ 'యిడ్ ఆర్మీ' అని పాడుతుంటే విని పెట్టుకున్నాం. మా పెద్దమ్మ కూతురు లండన్‌లో చదువుతోంది. ఆ పేరు చూసి ఫోన్ చేసి తిట్టింది. అది యూదులను కించపరిచే మాట, వెంటనే తీసెయ్ అంది. కానీ అక్కడ వేల మంది గర్వంగానే పాడుతున్నారు కదా! మమ్మల్ని 'పాలమూరు లేబర్' అని చిన్నచూపు చూసేవాళ్లు. మొన్న కాలేజీ ఫెస్ట్‌కు మేమే ఆ మాటను టీషర్టుల మీద వేయించుకుని తిరిగాం. అందరూ మెచ్చుకున్నారు. ఇదీ అలాంటిదే కదా మేడమ్? అక్క చెప్పింది కరెక్టా, మాది కరెక్టా?
– పేరు వేయొద్దన్న విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మీ అక్క చెప్పిందే కరెక్టు. గ్రూపు పేరు మార్చండి. అయితే నువ్వు టీషర్టు సంగతి రాశావు చూడు, అది నాకు చాలా నచ్చింది. దాని గురించి మాట్లాడాలి. ముందు ఆ మాట ఆ టీమ్‌కు ఎలా అంటుకుందో తెలుసుకో. మీరు ఫోన్లో వింటున్న పాట వెనక చాలా కథ ఉంది.

1880ల నుంచి లండన్ తూర్పు పేటల్లోకి యూదు కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చి చేరాయి. రష్యా సామ్రాజ్యంలో ఇళ్ల మీద పడి కొట్టి చంపుతుంటే పారిపోయి వచ్చినవాళ్లు చాలామంది. బట్టలు కుట్టి బతికారు. పిల్లలకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. 1930ల నాటికి టోటెన్‌హామ్ మ్యాచులకు యూదులు బాగా వచ్చేవారు. అంతమాత్రాన అది యూదుల టీమ్ కాదు. పక్కనున్న ఆర్సెనల్‌కూ యూదు అభిమానులు చాలామంది ఉన్నారు. కానీ ముద్ర మాత్రం టోటెన్‌హామ్ మీద పడింది.

అవే రోజుల్లో ఆస్వాల్డ్ మోస్లీ అనే ఫాసిస్టు నాయకుడు నల్లచొక్కాల దండును వెంటేసుకుని యూదుల పేటల మీదికి ఊరేగింపులు తీసేవాడు. నువ్వు అడిగిన మాట ఆ దండు నోట్లో నలిగిందే. యూదుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్ భాషలో దానికి యూదుడు అనే అర్థం, అంతే. రోడ్డు మీద వెంటపడి అరిచేవాడి నోట్లో మాత్రం అది తిట్టు. 1936 అక్టోబర్ 4న కేబుల్ స్ట్రీట్‌లో యూదులు, ఐరిష్ కూలీలు, కమ్యూనిస్టులు కలిసి రోడ్డుకు అడ్డంగా నిలబడి మోస్లీ ఊరేగింపును ఆపేశారు. సంఘం పోరాటం నడిచిన నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని. ఆ సంగతి చదివినప్పుడు ఆ మనుషులు నాకు పరాయివాళ్లు అనిపించలేదు.

అంతకు ముందటేడు, 1935 డిసెంబర్ 4న, ఇంగ్లండ్–జర్మనీ మ్యాచ్ పెట్టింది ఎక్కడో తెలుసా? సరిగ్గా టోటెన్‌హామ్ మైదానంలోనే. కార్మిక సంఘాలు వద్దని మొత్తుకున్నా ప్రభుత్వం వినలేదు. హిట్లర్ జెండా ఆ స్టేడియం మీద ఎగిరింది. ఒక ప్రేక్షకుడు పైకెక్కి దాన్ని కిందికి లాగేశాడు. ఇంగ్లండ్ 3-0తో గెలిచింది, అది వేరే సంగతి.

యుద్ధం అయిపోయింది. నాజీల గ్యాస్ గదుల్లో యూదులకు ఏం జరిగిందో లోకానికంతా తెలిసింది. తెలిసిన తర్వాత కూడా, 1970ల్లో, ఎదుటి టీముల అభిమానులు టోటెన్‌హామ్ వాళ్లను చూసి ఆ మాటతో అరిచేవాళ్లు. యూదులను చంపిన నాజీ క్యాంపు ఆష్విట్జ్ పేరు పెట్టి పాటలు కట్టారు. 'స్స్‌స్' అంటూ గ్యాస్ వదిలిన చప్పుడు చేసేవాళ్లు. కొన్నిచోట్ల ఆ చప్పుడు ఈ మధ్య దాకా వినపడింది. ఒక్కసారి ఊహించు బిడ్డా. నీ తాతను, అవ్వను అట్లా చంపారు. నువ్వు టికెట్ కొనుక్కుని ఆట చూడబోతే ఎదుటి స్టాండ్ నుంచి వేల గొంతులు ఆ చప్పుడు చేస్తుంటాయి.

అప్పుడు టోటెన్‌హామ్ అభిమానులు, యూదులు కానివాళ్లు కూడా, 'అవును, మేం అందరం అదే' అని ఎదురు పాడటం మొదలుపెట్టారు. పక్క సీట్లోవాడిని తిడుతుంటే ఆ తిట్టును తామూ పంచుకున్నారు. ఆ తరం మీద నాకు గౌరవం ఉంది. ఈ సంగతిలో తీర్పు చెప్పేవాళ్లు చాలామంది ఆ గౌరవం చూపించరు, అది నాకు నచ్చదు.

ఇక నీ టీషర్టు. పాలమూరు లేబర్ అన్న మాట వెనక ఎవరున్నారో నీకు నేను చెప్పక్కర్లేదు. మీ తాతల కాలంలో గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, పిల్లల్ని చంకనేసుకుని, దేశంలో ఎక్కడ డ్యామ్ కడుతుంటే అక్కడికి పోయినవాళ్లు. మా నాగార్జునసాగర్ కట్ట రాళ్లు మోసినవాళ్లలో మీ జిల్లావాళ్లు ఎంతమందో. మీ మక్తల్, నారాయణపేట నుంచి బొంబాయి బస్సు ఎక్కినవాళ్ల పిల్లలు మీరు. ఆ మాటను ఛాతీ మీద రాసుకునే హక్కు మీకు పుట్టుకతో వచ్చింది. దాని దెబ్బ తిన్నది మీరే, దాన్ని తిప్పికొట్టిందీ మీరే. అదే టీషర్టును హైదరాబాద్‌లో పెద్ద బిల్డర్ కొడుకు సరదాకు వేసుకుని తిరిగితే నీకెట్లా ఉంటుంది? కడుపు మండదా? నీ ప్రశ్నకు సగం జవాబు అదే.

మిగతా సగం నా ఇంటి సంగతి. నేను మాదిగ ఇంట్లో పుట్టాను. చిన్నప్పుడు మా నాన్నను ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, కులం పేరుతో పిలిచినవాళ్లే ఎక్కువ. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా ఉద్యమం పుట్టింది. మంద కృష్ణ తన పేరు వెనక మాదిగ అని పెట్టుకున్నారు. ఆయన్ని చూసి వేలమంది పెట్టుకున్నారు. మా బంధువుల పిల్లలు పెళ్లి కార్డుల మీద కూడా అట్లాగే వేయించారు. అప్పటిదాకా చెవిన పడితే తల దించుకున్న మాట అది. ఆ అక్షరాలు అచ్చులో చూసి మా నాన్న ఎంత మురిసిపోయాడో! కార్డు చేతిలో పట్టుకుని వాడంతా తిరిగాడు.

ఆ రోజుల్లోనే నేను పనిచేసే బడిలో, స్టాఫ్ రూమ్‌లో, తోటి టీచరు ఒకాయన నన్ను ఇదే అడిగాడు. 'మీరే పేరు వెనక పెట్టుకుంటున్నారు కదమ్మా, మరి మేమంటే తప్పేంటి?' అన్నాడు. చెడ్డవాడు కాదు, నవ్వుతూనే అడిగాడు. నేను ఇట్లా చెప్పాను. సార్, మీటింగ్ అయిపోయాక మావాళ్లు ఇంటికి పోతారు, ఇంటికాడ కూడా మాదిగలే. ఇల్లు అద్దెకు అడిగితే మాదిగలే. పిల్ల పెళ్లికి, చావుకు, బడిలో వంటకు, అన్నిటికీ మాదిగలే. ఆ పేరు వాళ్లు విప్పేసేది కాదు. మీరు ఆ మాటను ఒక్క నిమిషం వాడి పక్కన పెట్టేస్తారు. ఆయన ఇంకేం అనలేదు. తర్వాత కూడా నాతో బాగానే ఉన్నాడు.

టోటెన్‌హామ్ విషయంలో చిక్కు ఇదే. ఆ పాట పాడేవాళ్లలో ఎక్కువమంది యూదులు కారు. మ్యాచ్ అయ్యాక జెర్సీ విప్పితే వాళ్లకు ఆ మాటతో పని లేదు. యూదులకు మాత్రం అది అక్కడితో అయిపోదు. రైల్లో ఎవడో అరవొచ్చు, బడి గోడ మీద రాయొచ్చు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి. ఎదుటి టీమ్ వాళ్లకు ఇదొక సాకు దొరికింది. 'మేం యూదులను అనట్లేదు, టోటెన్‌హామ్ వాళ్లను అంటున్నాం, వాళ్లే పెట్టుకున్నారు కదా ఆ పేరు' అంటూ లోపలి విషమంతా కక్కుతారు. మా స్టాఫ్ రూమ్ ప్రశ్నే, అక్కడ స్టేడియం సైజులో.

డేవిడ్ బాడీల్ అనే హాస్య నటుడు, రచయిత ఉన్నాడు. యూదుడు, చెల్సీ అనే ఇంకో లండన్ టీమ్ అభిమాని. 2011లో సోదరుడితో కలిసి దీని మీద చిన్న సినిమా తీశాడు. యూదులు కానివాళ్లకు ఈ మాటను సొంతం చేసుకునే హక్కు లేదన్నది ఆయన వాదన. 2013లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం, ఆ మాట వాడితే నేరం కావొచ్చని హెచ్చరించింది. ముగ్గురు టోటెన్‌హామ్ అభిమానుల మీద కేసులు కూడా పెట్టారు. అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ మాత్రం తమను తాము అనుకోవడానికీ ఎదుటివాణ్ని తిట్టడానికీ తేడా ఉందన్నాడు. 2014 మార్చిలో ఆ కేసులు ఎత్తేశారు. జైల్లో వేసే పని కాదని నేనూ అంటాను. ఆ విషయంలో నేను కామెరాన్ వైపే. కానీ కేసు లేనంత మాత్రాన మంచిపని అయిపోదు.

2019లో క్లబ్ తన అభిమానులనే అడిగింది. 23,000 మందికి పైగా జవాబిచ్చారు. ఆ మాట యూదుల పట్ల జాత్యహంకారం కావొచ్చని 94 శాతం ఒప్పుకున్నారు. పాడటం తగ్గించాలనో మానేయాలనో దాదాపు సగం మంది అన్నారు. యూదు అభిమానుల్లోనే రెండు రకాలు ఉన్నారు. చిన్నప్పటి నుంచి ఆ పాటలో ధైర్యం పొందినవాళ్లు కొందరు, విన్న ప్రతిసారీ ముడుచుకుపోయేవాళ్లు కొందరు. చివరికి 2022 ఫిబ్రవరిలో క్లబ్ ఇక ఈ మాట వదిలేద్దామని అభిమానులను కోరింది. ఇంకా పాడేవాళ్లు పాడుతూనే ఉన్నారు, మీరు విన్నది అదే. వాళ్ల తర్జనభర్జన వాళ్లది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ టీమ్‌కూ ఇదే గొడవ. యుద్ధానికి ముందు ఆ నెదర్లాండ్స్ దేశంలో ఉన్న సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్ష మందికి పైగా నాజీల చేతుల్లో చనిపోయారు. అలాంటి చోట ప్రత్యర్థి అభిమానులు గ్యాస్ పాటలు పాడుతున్నారు.

మహబూబ్‌నగర్ హాస్టల్లో యూదులెవరు వింటారు అని మీవాళ్లు ఎవరైనా అనొచ్చు. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదులు ఉన్నారు. 1990ల మొదట్లో ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. వాళ్లలో చాలామంది మాదిగ కుటుంబాలవాళ్లే. ఒక పేరుతో తిట్లు తిన్నవాళ్లు ఇంకో పేరును గౌరవంగా తలకెత్తుకున్నారు. వాళ్ల పిల్లాడు ఎవరైనా ఫుట్‌బాల్ పిచ్చితో మీ గ్రూపులో చేరాడే అనుకో, ఆ పేరును ఎలా చదువుకుంటాడు?

గ్రూపులో పేరు మార్చేటప్పుడు చప్పుడు లేకుండా మార్చకు. ఎందుకు మారుస్తున్నావో రాయి. జెండా లాగేసిన మనిషి సంగతి చెప్పు, మీ ఫ్రెండ్స్‌కు నచ్చుతుంది. అరవడానికి 'కమ్ ఆన్ యూ స్పర్స్' ఉండనే ఉంది, స్పర్స్ అంటే టోటెన్‌హామ్ ముద్దుపేరే కదా. మీ టీమ్ గుర్తు బంతి మీద నిలబడ్డ కోడిపుంజు కదా, 'పాలమూరు పుంజులు' అని పెట్టుకోండి. ఆ పేరు మీకు సరిపోతుంది. అక్కకు ఫోన్ చెయ్యి. అంత దూరంలో ఉండి కూడా నీ గ్రూపు పేరు పట్టించుకుంది.

ప్రశ్న: టీచరమ్మా, మా అబ్బాయి బీటెక్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. పేరు వెనక మాదిగ అని పెట్టుకుంటానని పట్టుబట్టాడు. మాకేమో ఇంటర్వ్యూలో చూసి పక్కన పెడతారేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: చెల్లీ, మీ భయం నాకు అర్థమవుతుంది. ఉద్యోగాల్లో వివక్ష లేదని నేను చెప్పను, ఉంది. కానీ ఆ పేరు మీ అబ్బాయిది. పెట్టుకోవాలో వద్దో అతనే తేల్చుకోవాలి. మీరు బతిమాలి ఆపితే, తన ఇంట్లోనే ఆ పేరుకు చోటు లేదనుకుంటాడు. పైన పాలమూరు పిల్లవాడికి రాసిన జవాబు అతనికి కూడా చదివి వినిపించండి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పండి. అప్లికేషన్లలో, హాల్ టికెట్లలో పదో తరగతి మెమోలో ఉన్న పేరే అక్షరం మారకుండా రాయాలి. అధికారికంగా కూడా మార్చుకోవాలంటే ముందు గెజిట్‌లో ప్రకటన వేయించి, ఆ కాపీతో మిగతావి మార్పించుకోవాలి. ఉద్యోగం వెతుకులాటలో ఉండగా ఆ పని మొదలుపెడితే పేర్లు కలవక వెరిఫికేషన్‌లో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఉద్యోగంలో చేరాక తీరిగ్గా చేసుకోమనండి. ఈలోపు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో, పెళ్లి కార్డు మీద ఆ పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.