డ్రిల్ బిట్ గోడలోకి దిగడం లేదు, ఎందుకు?

కొత్త డ్రిల్ మెషిన్‌తో గోడకు రంధ్రం వేస్తుంటే అర అంగుళం దిగి ఆగిపోతోంది, బిట్ వేడెక్కి నల్లబడుతోంది అన్నారు. ముందు బిట్ కొన చూడండి. గోడకు వాడే బిట్ చివర చిన్న కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) ముక్క అతికించి ఉంటుంది, కాడ కంటే కాస్త వెడల్పుగా కనిపిస్తుంది. అది లేకుండా కొన సూదిగా, మొత్తం ఒకే లోహంగా ఉంటే ఇనుముకు వాడే బిట్ అన్నమాట. గోడ మీద క్షణాల్లో మొద్దుబారుతుంది.

బిట్ సరైనదే అయితే మెషిన్ మీద స్విచ్ సుత్తి బొమ్మ వైపే ఉందా, పొరపాటున రివర్స్‌లో తిరుగుతోందా చూడండి. చాలాసార్లు దొంగ ఈ రివర్సే!

అన్నీ బాగానే ఉండి, ప్లాస్టరింగ్ దాటాక మొరాయిస్తుంటే కాంక్రీటు పిల్లర్ మీదో, కిటికీ పై లింటెల్ (కాంక్రీటు దూలం) మీదో పడ్డట్టే. ఎర్ర ఇటుకైతే ఎర్ర పొడి రాలుతుంది, కాంక్రీటైతే బూడిద రంగుది. (సిమెంటు ఇటుకల ఇళ్లలో ఈ గుర్తు పనిచేయదు.) కాంక్రీటుకు రోటరీ హ్యామర్ (తిరుగుతూనే సుత్తిలా బలంగా కొట్టే డ్రిల్) అద్దెకు తెచ్చుకోవడం మేలు. లోపల ఇనుప చువ్వ తగిలితే బలవంతం చేయకుండా పక్కకు జరపండి.

స్విచ్‌బోర్డుకు నిటారుగా పైనా కిందా మాత్రం వేయకండి, వైర్లు సాధారణంగా అటే వెళ్తాయి.