హోమ్‌స్కూలింగ్ పిల్లలకు వేసవి సెలవులు ఇవ్వాలా, చదువు సాగించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పదకొండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు ఇంట్లోనే చదువుకుంటున్నారు. అపార్ట్‌మెంట్‌లో మిగతా పిల్లలందరికీ సెలవులిచ్చేశారు. మీరూ పుస్తకాలు మూసేస్తే జూన్‌కల్లా అన్నీ మర్చిపోతారేమోనని టెన్షన్, మూయకపోతే పొద్దున్నే గొడవ. మేమూ చెన్నైలోనే ఉంటాం, పెరంబూరులో. మా ఇద్దరు పిల్లలూ స్కూలు మొహం చూడలేదు. మాకు కుదిరింది చెప్తాను.

సెలవులు ఇచ్చేయండి. రోజూ సగం పూట చదువు, సగం పూట ఆట అనే బేరం పెట్టుకోకండి. ఆ సగం పూట కోసం మిగతా రోజంతా వాళ్ల వెనక పడాల్సి వస్తుంది.

ఇంట్లో చదువే కదా, ఏడాది పొడవునా కొంచెం కొంచెం సాగిస్తే వేరే సెలవులెందుకు అని చాలామంది అంటారు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ ఆంధ్రాలో ఉన్న మన అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు ఖాళీగా దొరికేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకానే. మన పిల్లలకి అసలు కొరత చదువుది కాదు, తోటివాళ్లది. ఆ కొద్ది వారాలూ భిన్నాలు చేయిస్తూ కూర్చుంటే మళ్లీ దసరా దాకా ఆగాలి. ఇక ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మే 4 ప్రాంతంలో కత్తిరి, అంటే ఇక్కడివాళ్లు మండుటెండల రోజులకి పెట్టుకున్న పేరు, మొదలవుతుంది, 28 దాకా వదలదు. మధ్యాహ్నం సముద్రం గాలి తొందరగా లోపలికొస్తే సరే, పడమటి గాలి దాన్ని అడ్డుకున్న రోజున 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఉక్కలో ఏ పిల్లాడికైనా ఏం ఎక్కుతుంది?

మర్చిపోతారన్న భయం మాత్రం ఉత్తిది కాదు. 1996లో అమెరికాలో హారిస్ కూపర్, ఆయన సహచరులు కలిసి అంతకుముందు జరిగిన 39 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. వేసవి సెలవుల తర్వాత స్కూలు పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనకబడ్డారని, చదవడం కన్నా లెక్కల్లో నష్టం ఎక్కువని తేల్చారు. అంటే అన్నీ ఒకేలా జారిపోవు. సైన్సు, సోషల్ నెలన్నర ఆగితే కొంపలేం మునగవు. చేతికి అలవాటు తప్పితే పోయేవి లెక్కలు. మన విషయంలో ఇంకోటి కూడా ఉంది, తెలుగు చదవడం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కింద ఆటల్లో తమిళం, పుస్తకాలు ఇంగ్లీషువి. కొన్నాళ్లు చూడకపోతే ఒత్తుల దగ్గర తడబడటం మొదలవుతుంది.

అందుకే మేం ఆ రెండే ఉంచుతాం. లెక్కలు పొద్దున టిఫిన్‌కి ముందు పావుగంట, పాత లెక్కలే. కొత్త పాఠం జోలికి పోం. ఒక రోజు తప్పితే తప్పింది, మర్నాడు రెట్టింపు చేయించం. తెలుగు బాధ్యత సెలవులకి మేం వెళ్లే నెల్లూరులో వాళ్ల తాతయ్యది. పొద్దున్నే పేపరు తీసి పిల్లాడి చేత బంగారం ధర చదివిస్తారు, వాడు దాన్ని గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో రాయాలి. నిన్నటికన్నా ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో వంటింట్లోకి వెళ్లి నాన్నమ్మకి చెప్పి రావాలి. ధర తగ్గిన రోజు వాడి గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. వాడి దృష్టిలో అది చదువు కాదు, ఇంటి పెత్తనం.

ఇక్కడే మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఉంది. హోమ్‌స్కూలింగ్ చేసే అమ్మానాన్నలకి ఒక జబ్బు, కనపడిన ప్రతిదాన్నీ పాఠం చేసెయ్యడం. మామిడిపండు తింటుంటే ఏ రకం, ఏ జిల్లాది అంటాం. రైలెక్కితే వేగం, దూరం, కాలం. పుస్తకం మూసినంత మాత్రాన సెలవు ఇచ్చినట్టు కాదండీ, మన ప్రశ్నలు కూడా ఆగాలి. పిల్లలకి తెలిసిపోతుంది, అమ్మ గొంతు మారిందంటే పరీక్ష మొదలైందని.

మా అత్తగారింట్లో ఆవకాయ రోజు పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి మామిడి ముక్కలు ఇస్తారు. జీడి తీసెయ్యాలి, టెంకకి అంటుకున్న పల్చటి పొర ఒలవాలి, పొడిగుడ్డతో తుడిచి పళ్లెంలో వెయ్యాలి. మావారు ఊరుకోకుండా, “ఇన్ని ముక్కలకి గిన్నెడు ఆవపిండి అయితే దీనికి రెట్టింపు ముక్కలకి...” అని మొదలుపెట్టారు. అత్తయ్య తలెత్తకుండానే, “అబ్బయా, వాళ్లను ముక్కలు తుడవనీ. నీ లెక్కలకి దిక్కులు చూస్తూ తడి చేత్తో పట్టుకుంటారు” అన్నారు. ఆయన లేచి పేపరు అందుకున్నారు. తర్వాత మా పెద్దది దానంతట అదే అడిగింది, తడి తగిలితే ఏమవుతుంది నాన్నమ్మా అని. బూజు పడుతుందే అన్నారావిడ. బూజు ఎక్కణ్ణుంచి వస్తుంది? “గాల్లోంచి,” అని మళ్లీ కారం కలపడంలో పడిపోయారు. ఆ జవాబు ఆ పూటకి చాలు. మిగతాది జూలైలో సైన్సు తెరిచినప్పుడు చూసుకుంటాం.

ఏడాదిలో ఏ ఒకటి రెండు రోజులో దొరికేవి ఉంటాయి, వాటికి మాత్రం మినహాయింపు ఇస్తాను. చెన్నైలో ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేడ మీద స్టీలు గ్లాసు బోర్లిస్తే దాని నీడ చుట్టూ ఎక్కడా కనపడదు. అరికాళ్లు కాలుతుంటే గెంతుతూ చూసి కిందికి పరిగెత్తడమే. నెల్లూరు ఇక్కడికి కాస్త ఉత్తరాన కాబట్టి అక్కడ అదే తమాషా ఏప్రిల్ 28, 29ల్లో జరుగుతుంది. అప్పటికి ఊరు చేరుకుంటే రెండోసారి చూడొచ్చు. ఎందుకలా అని వాళ్లు అడిగితే చెప్పండి, అడక్కపోతే వదిలెయ్యండి.

ఊరు వెళ్లకుండా చెన్నైలోనే ఉండే రోజుల్లో మధ్యాహ్నాలు గడవవు. కోట్టూరుపురంలో అన్నా సెంటినరీ లైబ్రరీ ఉంది కదా, పిల్లల విభాగంలో వదిలేస్తే చల్లగా కూర్చుంటారు, ఏం చదివారని అడక్కండి. ఎగ్మోర్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్నాయి, శుక్రవారం మాత్రం మూసి ఉంటుంది. సమ్మర్ క్యాంపుల గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. అబాకస్, రోబోటిక్స్, వేదిక్ మ్యాథ్స్ అన్నింటిలో చేర్పిస్తే స్కూలుకి పంపినట్టే, ఫీజు అదనం. ఈత నేర్పించండి, చాలు. ఫోన్ విషయంలో మాది ఒక్కటే నియమం, ఎండ తగ్గాక ముట్టుకోకూడదు. అప్పుడు ఆడుకోవడానికి బయటికి పోవచ్చు కాబట్టి.

చుట్టాలు ఊరుకోరు, అది కూడా చూసుకోవాలి. “స్కూలుకి ఎటూ పంపరు, ఇంట్లో కూడా చదివించరా” అని, పిల్లాణ్ణి పట్టుకుని పదిహేడో ఎక్కం చెప్పమంటారు. మీరు అక్కడికి చేరి సంజాయిషీ ఇవ్వకండి. “సెలవులు బాబాయ్” అని పిల్లలే చెప్పేలా ముందే అనుకుని వెళ్లండి.

మీ సంగతి మీరేం రాయలేదు. స్కూల్లో టీచరు కూడా సెలవులకి ఇంటికి పోతుంది, మనకి ఆ ఇల్లే స్కూలు. వచ్చే ఏడాది పుస్తకాలు వెతకడం, టైమ్‌టేబుల్ గియ్యడం మే ఆఖరి వారం దాకా ముట్టుకోకండి. అప్పటికి ఇక్కడ కత్తిరి ముగిసి ఆంధ్రాలో రోళ్లు పగిలే రోహిణి కార్తె మొదలై ఉంటుంది, ఎలాగూ ఇంట్లోనే కూర్చోవాలి.

జూన్‌లో పక్కింటి పిల్లలు స్కూలుకి పోవడం మొదలవగానే మేమూ మొదలుపెడతాం, ఆడుకోవడానికి ఎవరూ ఉండరు కాబట్టి గొడవ తక్కువ. మొదటి వారం లెక్కలు, పైకి చదవడం. తర్వాత ఒక్కో సబ్జెక్టు చేరుస్తాం.

మీ పాపకి పదకొండే కాబట్టి ఇది ఇప్పటికి కాదు, చెవిన వేసి ఉంచుతున్నాను. స్కూలుకి వెళ్లకుండానే పరీక్షలు రాయించే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు బోర్డు ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి కనీసం 14 ఏళ్లు నిండాలి. పబ్లిక్ పరీక్షలు ఏటా ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి పెడతారు. మొదటి విడత ఎంచుకుంటే ఆ వేసవి పరీక్షలకే పోతుంది. మా పెద్దదాని చేత అక్టోబరు విడతే రాయిద్దామనుకుంటున్నాం, అప్పుడు నెల్లూరు టికెట్లు మానుకోనక్కర్లేదు.