ఇన్ని కోర్టులు దాటి వచ్చిన ఉరిశిక్షలో కూడా అనుమానం ఎలా మిగులుతుంది?

కింది కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు, ఆపైన క్షమాభిక్ష. ఇన్ని మెట్లెక్కి ఖాయమైన ఉరిశిక్షలో ఇంకా అనుమానానికి చోటెక్కడిది, ఉంటే బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది? మీరు అడిగింది ఇదే కదా. ముందు ఆ మెట్ల లెక్క మర్చిపోండి. అప్పీలు కోర్టు సాధారణంగా సాక్షుల్ని మళ్లీ పిలవదు, హత్య జరిగిన చోటికి వెళ్లి చూడదు. కింద తయారైన కాగితాలే పైకి వెళ్తాయి. కాగితం మీదికి ఎక్కని సంగతి ఎంతమంది జడ్జీలు చదివినా కనబడదు.

2003లో నాసిక్ దగ్గర జరిగిన హత్యల కేసు చూడండి. హైకోర్టు ఆరుగురిలో ముగ్గురికి ఉరి ఖాయం చేసి, మిగతా ముగ్గురికి యావజ్జీవంగా తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ మళ్లీ ఉరే వేసింది. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది. అసలు సంగతేమిటంటే, ప్రాణాలతో బయటపడిన సాక్షి పోలీసుల దగ్గరున్న పాత నేరస్తుల ఫొటోల్లోంచి వేరే నలుగురిని చూపించింది. వాళ్ల సంగతి తేల్చకుండానే, ఆ విషయం కోర్టు ముందు పెట్టకుండానే కేసు నడిపారు. మూడు కోర్టులు చదివిన ఫైల్లో ఆ నలుగురూ లేరు.

అందుకని తీర్పు చదివే ముందు ఒక పట్టిక గీయమంటాను. నాలుగు గడులు చాలు: సాక్ష్యం ఏమిటి, అది మొదటిసారి ఏ తేదీన కాగితం మీదికి వచ్చింది, అప్పటికి పోలీసులకి ఏమేం తెలుసు, ఈలోపు అది ఎవరెవరి చేతులు మారింది. నేరం జరిగిన వెంటనే పుట్టిన సాక్ష్యం ఒక రకం, నిందితుడు దొరికాక పుట్టిన సాక్ష్యం ఇంకో రకం. రెండో రకమే కేసు మొత్తాన్ని మోస్తుంటే అక్కడ ఆగాలి. తీర్పులో ఇవన్నీ కలిపి కథలాగా రాస్తారు, వరసగా చదివితే తేడా తెలియదు. తేదీల ప్రకారం విడదీస్తేనే తెలుస్తుంది.

జపాన్‌లో హకమాదా ఇవావో కేసుని ఈ పట్టికలో పెట్టి చూడండి. 1966 జూన్ 30న మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, తయారుచేసే కంపెనీ డైరెక్టరు కుటుంబంలో నలుగురు హత్యకి గురయ్యారు. హకమాదా ఆ ఫ్యాక్టరీలోనే పనివాడు. రోజుకి సగటున 12 గంటల చొప్పున దాదాపు ఇరవై రోజులు ప్రశ్నించాక ఒప్పుకున్నాడు. 45 వాంగ్మూలాలు రాస్తే కోర్టు ఒక్కటే పరిగణనలోకి తీసుకుంది. మిగతావన్నీ ఎందుకు పనికిరాలేదో, ఆ ఒక్కటే ఎందుకు పనికొచ్చిందో అడగాలనిపిస్తుంది కదా! మొదట్లో హంతకుడు పైజామా వేసుకున్నాడన్నారు. 14 నెలల తర్వాత, విచారణ సగంలో ఉండగా, మిసో తొట్టిలో రక్తపు మరకలతో ఐదు బట్టలు దొరికాయి. కథ ఆ బట్టల మీదికి మారిపోయింది.

ప్యాంటు అతనికి పట్టలేదు. మిసోలో నాని ముడుచుకుపోయిందన్నారు. లోపల అంటించిన చీటీ మీద ‘బి’ అని ఉంటే అది పెద్ద సైజు గుర్తు అన్నారు. అది సైజు కాదు, రంగు గుర్తని తయారీదారు చెప్పాడు. ఇంతకీ అసలు ప్రశ్న మరక రంగు. ఏడాదిపైగా మిసోలో నానితే రక్తపు మరక నల్లబడాలి, అక్కడ ఎర్రగానే ఉంది. 1968లో ఉరిశిక్ష పడింది, 1980లో ఖాయమైంది. 2014లో పునర్విచారణకి ఆదేశించి అతన్ని బయటికి వదిలారు. 2024 సెప్టెంబరు 26న నిర్దోషి అన్నారు, ఆ బట్టలు దర్యాప్తు అధికారులు సృష్టించినవేనని కోర్టు తేల్చింది. మొదట శిక్ష వేసిన ముగ్గురు జడ్జీల్లో ఒకరు, తాను అతన్ని నిర్దోషి అనే అనుకున్నానని, మిగతా ఇద్దరి మాట నెగ్గిందని 2007లో బయటపెట్టారు. తీర్పులో మాత్రం ఆయన అసమ్మతి కనబడదు.

ఒప్పుకోలు వాంగ్మూలం చూసేటప్పుడు ‘హంతకుడికి తప్ప ఎవరికీ తెలియని వివరం చెప్పాడు’ అనే మాట దగ్గర జాగ్రత్త. ఆ వివరం పోలీసులకి ముందే తెలిస్తే దానికి విలువ తక్కువ. ప్రశ్నల్లోంచే అతని నోట్లోకి వెళ్లి ఉండొచ్చు. పోలీసులకి కూడా తెలియని వివరం చెప్పి, తర్వాత వెతికితే అది నిజమని తేలితే అప్పుడు బరువు. వీడియో తీశారంటే ఎప్పటినుంచి తీశారో అడగాలి. చివరి గంట మాత్రమే తీస్తే, అప్పజెప్పిన పాఠం వినబడుతుంది గానీ ఎలా నేర్పారో వినబడదు. అడిగిన గంటలు మొత్తం ఎన్ని, రికార్డయినవి ఎన్ని అని రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి.

గుర్తింపు పరేడ్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఇది చాలామందికి తెలిసిందే. వరసలో నిలబెట్టిన మిగతావాళ్లు సాక్షి మొదట చెప్పిన పోలికలకి సరిపోవాలి. నడిపే మనిషికి నిందితుడెవరో తెలియకూడదు. ‘ఎంత ఖాయంగా చెప్పగలవు’ అని అక్కడే, ఆ క్షణమే అడిగి రాసుకోవాలి. పరేడ్‌లో ‘ఇతనే అనుకుంటా’ అన్న సాక్షి కోర్టుకొచ్చేసరికి ‘కచ్చితంగా ఇతనే’ అంటాడు. అబద్ధం కాదు, మధ్యలో ఫొటోలు చూసి, సరిగ్గానే చూపించావని విని, జ్ఞాపకమే గట్టిపడిపోతుంది. కాబట్టి మొదటిరోజు రాసిన మాటే కావాలి.

ల్యాబ్ రిపోర్టు అనగానే మనం నోరు మూసుకుంటాం. అక్కడే తప్పుతుంది. టెక్సస్‌లో 1991 డిసెంబరులో ఇల్లు కాలి ముగ్గురు చిన్నపిల్లలు చనిపోతే, తండ్రి కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ మీద కేసు పెట్టారు. కిటికీ అద్దం మీద సాలెగూడులాంటి పగుళ్లు, నేలమీద మడుగు ఆకారంలో కాలిన మచ్చలు చూసి ఏదో ద్రవం పోసి తగలబెట్టాడన్నారు. వేడెక్కిన అద్దం మీద ఫైరింజన్ నీళ్లు పడినా అలాంటి పగుళ్లే వస్తాయి. గది మొత్తం ఒక్కసారిగా అంటుకునే దశకి చేరితే నేలమీద మడుగుల్లాంటి మచ్చలు ఏ ద్రవమూ లేకుండానే పడతాయి. అదే ఏడాది ఫ్లోరిడాలో మరో కేసుకోసం నిపుణులు కూల్చబోయే ఇంటిని మామూలుగా అంటించి చూస్తే, ఐదు నిమిషాల్లోపే గది ఆ దశకి చేరింది. విల్లింగ్‌హామ్ కేసు సాక్ష్యం శాస్త్రం కాదని ఒక అగ్నిప్రమాద నిపుణుడు రాసిచ్చిన రిపోర్టు ఉరికి ముందే అధికారులకి అందింది. అయినా 2004 ఫిబ్రవరి 17న శిక్ష అమలైంది.

నేరం జరిగిన చోట దొరికిన వెంట్రుకని నిందితుడి వెంట్రుకతో పోల్చి చెప్పే సాక్ష్యం ఇంకా ఘోరం. అమెరికాలో ఎఫ్‌బీఐ తన నిపుణుల పాత సాక్ష్యాలని సమీక్షించి 2015లో ఫలితం చెప్పింది. ముద్దాయికి వ్యతిరేకంగా వాడిన 268 విచారణల్లో 95 శాతానికి పైగా తప్పుడు మాటలున్నాయి. వాటిలో మరణశిక్ష పడినవి 35, తప్పున్నవి 33. అప్పటికే తొమ్మిదిమందికి శిక్ష అమలైపోయింది.

డీఎన్‌ఏ నమ్మదగిందే, కాకపోతే అంకె అర్థం చేసుకోవాలి. ‘ఇలా కలిసే అవకాశం పది లక్షల్లో ఒకటి’ అంటే అతను నిర్దోషి అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి అని కాదు. కోటిమంది ఉన్న నగరంలో సగటున పదిమందికి ఆ పోలిక ఉంటుంది. వేరే ఆధారం లేకపోతే అతను ఆ పదిమందిలో ఒకడు, అంతే. పైగా సీలు నంబరు, ఎప్పుడు తీశారు, ఏ తేదీన ల్యాబుకి చేరింది అనేవి తేడాపడితే ఎంత పెద్ద అంకెకైనా విలువ ఉండదు.

ఇక మీరు కామెంట్లో అడిగిన రెండో మాట, ‘నూటికి నూరుపాళ్లు ఖాయమైన కేసుల్లోనే ఉరి వేస్తే సరిపోదా’ అని. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం 2009లో అదే చేసింది. డీఎన్‌ఏ లాంటి జీవసంబంధ ఆధారం, వీడియో తీసిన ఒప్పుకోలు, నేరంతో ముడిపెట్టే వీడియో, ఈ మూడిట్లో ఒకటుంటేనే మరణశిక్ష అడగాలన్నారు. 2013లో ఆ శిక్షనే ఎత్తేశారు. నా లెక్కలో ఈ పద్ధతికి పెద్ద లోపం ఒప్పుకోలుని ఆ జాబితాలో పెట్టడమే. కారణం పైన చెప్పాను.

మన సుప్రీంకోర్టు 2014లో త్రిపుర నుంచి వచ్చిన ఒక కేసులో వేరే దారి చూసింది. నేరం సహేతుకమైన సందేహానికి అతీతంగా రుజువైందంటూనే, ఇంకా కొంచెం సందేహం మిగిలితే దాన్ని శిక్ష దగ్గర లెక్కలోకి తీసుకోవచ్చని ఉరిని ఖైదుగా మార్చింది. ప్రాణం నిలిచింది కాబట్టి మంచిదే. కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలో మరణశిక్ష పడ్డవాళ్లలో కనీసం 4.1 శాతం నిర్దోషులై ఉంటారని అంచనా వేసింది. అందులోనే ఇంకో సంగతి తేలింది: ఉరి తప్పి యావజ్జీవానికి మారాక, నిర్దోషి అని బయటపడే అవకాశం బాగా పడిపోతుంది. ఉరి ముప్పు లేకపోతే లాయర్లూ పట్టించుకోరు, కోర్టులూ తొందరపడవు. అనుమానం ఉన్నందుకే శిక్ష తగ్గినవాడు ఆ అనుమానంతోటే జైల్లో మిగిలిపోతాడు.

‘ఇంతమంది నిర్దోషులుగా బయటికొచ్చారంటే వ్యవస్థ పనిచేస్తున్నట్టే కదా’ అని వాదించేవాళ్లుంటారు. బయటపెట్టింది ఎవరో ఒక్కొక్క కేసులో చూడండి. లండన్‌లో టిమోతీ ఎవాన్స్‌ని హత్య కేసులో 1950లో ఉరితీశారు. అతని మీద ప్రధాన సాక్షి అదే ఇంట్లో ఉండే క్రిస్టీ. 1953లో క్రిస్టీ ఇల్లు ఖాళీ చేసి వెళ్లాక, అదే ఇంట్లో అద్దెకుండే ఇంకొకతను గోడ తట్టి చూస్తే లోపల క్రిస్టీ చంపినవాళ్ల శవాలు దొరికాయి. అది ఏ అప్పీలూ పట్టుకున్న తప్పు కాదు.

ఇప్పుడు మీ చేతిలో అలాంటి ఫైలు ఉంటే, క్షమాభిక్ష పిటిషన్‌కంటే ముందు ఒక పని చెయ్యండి. వస్తు సాక్ష్యాలు, ల్యాబులో మిగిలిన నమూనాలు పారెయ్యకుండా భద్రపరచమని కోర్టుకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టించండి, ఒక్కో సీలు నంబరు పేరుపేరునా రాసి. అప్పీళ్లన్నీ అయిపోయాక ఆ సంచుల్ని పారేయడం మామూలే. కొత్త పరీక్షలు వచ్చాక అడుగుదామంటే అప్పటికి అడగడానికి ఏమీ మిగలదు.